మోగింది ఎడమ చక్రం

రోజూ పొద్దున కళ్ళు తెరవగానే మేస్త్రి చేసే మొదటి పని ఎవరికీ చెప్పుకునేది కాదు. పక్కమీద వెల్లకిలా పడుకునే, ముందు కుడిచెవి దగ్గర బొటనవేలినీ చూపుడువేలినీ రుద్దేవాడు. ఎండుటాకు నలిగినట్టు సరసరమనేది. తర్వాత అవే రెండు వేళ్ళను ఎడమచెవి దగ్గరికి తెచ్చేవాడు. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు. చర్మం వేడెక్కేది తప్ప చప్పుడు పుట్టేది కాదు. ఒక్కోరోజు ఏదో వినిపించినట్టే ఉండేది. అది కుడిచెవి చెప్పే దొంగసాక్ష్యమని అతనికి తెలుసు. అయినా, నిన్నటి మీద నయమే అనుకుని లేచేవాడు.

ఇలా పద్నాలుగు నెలలు.

ఒక చెవి పోయినంత మాత్రాన మనిషి బతుకు ఆగిపోదు. తోటమాలికో, బట్టలకొట్టు గుమాస్తాకో ఆ గతి పడితే నలుగురూ నాలుగు రోజులు పరాచికాలాడి మరిచిపోతారు. కానీ ఊళ్ళో అందరూ ఇతన్ని పిలిచే పేరే చెవిమేస్త్రి. ఆ పేరు ఊరికే రాలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు, పెదనాన్న వరసయ్యే ఒక లారీ మెకానిక్కు దగ్గర పనికి చేరాడు. ఆ పెద్దాయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. "ఇనుము అబద్ధమాడదురా. అడిగేవాడికి ఓపిక ఉండాలంతే" అనేవాడు. ఆ ఓపిక ఇతనికి అబ్బింది. ఒకసారి షెడ్డు ముందు నిలబడి టీ తాగుతుంటే ఒక బస్సు పోయింది. "వెనక చక్రం బేరింగు. మూడు రోజులు, అంతకన్నా ఆగదు" అన్నాడు. నాలుగో రోజు పొద్దున ఆ బస్సు వంతెన మీద ఒరిగి నిలబడింది. అప్పట్నుంచి కొందరు డ్రైవర్లు ఆ షెడ్డు ముందుకు రాగానే వేగం తగ్గించి, కిటికీలోంచి తల బయటపెట్టి అతని ముఖం చూసి పోయేవారు. మేస్త్రి ముఖం చిట్లిస్తే ఆ రోజు వాళ్ళకు అన్నం సహించేది కాదు.

అలాంటివాడు చెవుల డాక్టరు గది దాకా వెళ్ళి, బయట బల్లమీద పరిచయస్తుడొకడు కూర్చుని ఉండటం చూసి, దారి తప్పినవాడిలా వెనక్కి వచ్చేశాడంటే ఆశ్చర్యం ఏముంది?

ఆ వారం షెడ్డుకు వచ్చిన బండి సిస్టరమ్మది. ఆమె ముప్పైనాలుగేళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి ఇంటి దగ్గర ఉంటోంది. ఊళ్ళో సగం మందికి ఆమె చేతి సూది గుర్తే. బూడిద రంగు కారు, ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది తయారైంది. దాన్ని ఆమె "మా ముసలిది" అంటుంది.

"మేస్త్రీ, మా ముసలిది మూలుగుతోంది. పైగా చలేసినట్టు టకటకా పళ్ళు కూడా కొడుతోంది" అంది.

"ఎప్పట్నుంచి?"

"పళ్ళు కొట్టడం పది రోజులైంది, టైర్ల షాపుకు పోయొచ్చినప్పట్నుంచి. మూలుగు అంతకు ముందునుంచే. గురువారం కొండమీద మా పెద్దక్క దగ్గరికి పోవాలి. పోనిస్తావా, లేదా?"

"పోనివ్వకేం? మా ఆవిడ కూడా మీతో వస్తానందిగా, చెల్లెలింటికి."

ఆమె స్టీరింగు పట్టింది, మేస్త్రి ఆమె ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. రెండో సందు తిరగకముందే తేల్చేశాడు.

"కుడి ముందు చక్రం. బేరింగు పోయింది."

సిస్టరమ్మ కనుబొమలు ముడిచింది. "నాకేమో ఆ మూలుగు నీ పక్కనుంచి వస్తున్నట్టుందే?"

"సిస్టరమ్మా, మీరు నాడి చూడండి, నేను చక్రం చూస్తాను. ఎవరి రోగులు వాళ్ళవి."

ఆమె నవ్వేసింది. ఆ మాట అక్కడితో ముగిసింది. తర్వాత ఆ నవ్వు మేస్త్రికి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పడం కష్టం.

జాకీ ఎత్తి కుడి చక్రం విప్పగానే అతని మాటకు రుజువు కూడా దొరికింది. చక్రాన్ని పట్టి ఉంచే ఐదు స్టడ్డుల్లో రెండింటికి మరలు అరిగిపోయి ఉన్నాయి. టైర్ల షాపువాళ్ళు నట్టును వంకరగా పెట్టి గాలిమిషనుతో బిగించేసి ఉంటారు. నట్టు బిగువు లేక చక్రం టకటకమంటోంది. పళ్ళు కొట్టడమంటే అదే. ఇక్కడే మేస్త్రి పోలీసుల తప్పు చేశాడు. ఒక దొంగ దొరికిన ఇంట్లోనే రెండో దొంగ కూడా ఉంటాడనుకున్నాడు.

స్టడ్డులు మార్చాలంటే ఎలాగూ చక్రం నడిమి దిమ్మను, అంటే హబ్బును, బయటికి తీయాలి. హబ్బు తీశాక లోపలా వెలుపలా ఉండే రెండు బేరింగులూ చేతికి వస్తాయి, అవి కూర్చుని తిరిగే ఇనుప కప్పుల్ని సుత్తితో మెల్లగా తట్టి దింపాలి. దింపాడు. పాత బేరింగుల్ని చూడనైనా చూడకుండా కిరసనాయిలు పళ్ళెంలో పడేశాడు. పక్క షెడ్డు టర్నరు దగ్గరున్న ప్రెస్సు మీద పాత స్టడ్డులు ఐదూ నెట్టించి, కొత్తవి ఐదూ కూర్చోబెట్టించాడు. రెంటికే రోగమైనా ఐదూ మార్చడం అతని పద్ధతి. ముగ్గురు ముసలివాళ్ళ పక్కన ఇద్దరు కుర్రాళ్ళను నిలబెడితే బరువంతా ఎవరో ఒకరి నెత్తినే పడుతుంది. కొత్త బేరింగుల్లో అరచేత్తో గ్రీజు కూరి, హబ్బు ఎక్కించి, నట్టు బిగించి, పిన్ను వేశాడు. ఈసారి తానే స్టీరింగు ముందు కూర్చుని ఊరిచివరి దాకా నడిపి చూశాడు. టకటక లేదు. మూలుగూ లేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి కారు షెడ్డు ముందు ఆగింది. మేస్త్రి భార్య ఎడమ సీట్లో కూర్చుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, "సాయంత్రం ఆ గ్రీజు చేతులతో బీరువా ముట్టావంటే చూడు" అని చెప్పి పోయింది.

షెడ్డులో ఒక అలవాటుంది. పాత భాగాన్ని కడిగి, చూసి, ఎందుకు పోయిందో తెలుసుకున్నాకే చెత్తలో వేయాలి. దీన్ని టర్నరు పోస్టుమార్టం అంటాడు. పదిన్నర వేళకి మేస్త్రి స్టూలు లాక్కుని, కిరసనాయిలు పళ్ళెం ముందు కూర్చుని, మొదటి బేరింగును బ్రష్షుతో రుద్దాడు. నల్లటి గ్రీజు కరిగి దిగింది. లోపల రోలర్లు అద్దంలా మెరిశాయి.

ఇంకాస్త రుద్దాడు. వేలిగోటితో ఒక్కో రోలరునూ తడిమాడు. ఎక్కడా గుంట లేదు, గీత లేదు, వేడికి వచ్చే నీలపు రంగు లేదు. రెండోది తీశాడు. అదీ అంతే. కప్పులు కడిగి ఎండలో పట్టుకుని తిప్పాడు. లోపలి అంచంతా వెండి కడియంలా, ఒక్క మచ్చ లేకుండా. కుడిచెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. నూనెలో నీటిచుక్క జారినంత చప్పుడు కూడా లేదు.

ఆరోగ్యంగా ఉన్నదాన్ని కోసి తీశాడు.

మరి మూలిగిందేది?

దేవుడు మనిషికి రెండు చెవులు అందంకోసం ఇవ్వలేదు. ఒక చెవి చప్పుడు ఉందని చెబుతుంది. ఎటుందో చెప్పడానికి రెండోది కావాలి. కొన్ని జాతుల గుడ్లగూబలకు ఒక చెవి రంధ్రం కాస్త పైనా ఇంకొకటి కాస్త కిందా ఉంటాయట. అందుకే గడ్డిలో కదిలే ఎలుకను కళ్ళతో పనిలేకుండా పట్టేస్తాయి. అంతటి గుడ్లగూబకు కూడా ఒక చెవిలో దూది పెట్టి వదిలితే, ఎలుకను వదిలేసి పక్కనున్న నేల మీద పడుతుంది. మేస్త్రి ఈ గుడ్లగూబ సంగతి ఎప్పుడూ వినలేదు. కానీ మొన్న సంతవీధిలో స్కూటరువాడు హారన్ కొడితే, తప్పుకోబోయి సరిగ్గా ఆ స్కూటరు మీదికే వెళ్ళిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటిరోజు తాను ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఎడమ చక్రం మోతంతా చచ్చిన చెవి పక్కన మోగి, కారు లోపల తిరిగి తిరిగి, కుడిచెవిలోంచి లోపలికొచ్చింది. కుడినుంచి వినపడింది కాబట్టి కుడి చక్రమన్నాడు. రెండోసారి తానే నడిపాడు. అప్పుడు బతికిన చెవి కుడి తలుపు వైపు ఉంది, మోగే చక్రం అవతలి మూలనుంది. వినపడలేదు కాబట్టి లేదనుకున్నాడు.

ఎడమ చక్రం. దాని పైనే తన భార్య కూర్చుంది.

చాలా ఏళ్ళ కిందట, మంచి వయసులో ఉండగా, బేరింగు పొడైపోయి హబ్బుతో సహా ఊడిన ఒక చక్రం తాను ఊడిపడిన బండినే దాటుకుని ముందుకు పోవడం మేస్త్రి కళ్ళారా చూశాడు. అది దొర్లుకుంటూ పోయి, రోడ్డు పక్కన నాణెంలా గిర్రున తిరిగి పడింది. బల్లపరుపు రోడ్డు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు నవ్వాడు కూడా.

ఫోను తీశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి భార్య ఎత్తింది.

"ఏంటయ్యా, అప్పుడే గుర్తొచ్చానా? అన్నం గిన్నె పొయ్యి పక్కనే పెట్టానుగా."

"ఎక్కడున్నారు?"

"కొండెక్కుతున్నాం. నాలుగు మలుపులయ్యాయి. సిస్టరక్క నడిపే వేగానికి చీమలు కూడా హారన్ కొట్టి దాటిపోతున్నాయి."

"మోత ఉందా?"

"ఏం మోత?"

"చక్రం మోత. గుర్రుమని."

"ఆఁ, ఉంది."

"ఉందా? ఉంటే చెప్పరేం?"

"ఏం చెప్పాలి? నువ్వేగా బాగుచేసింది. కొత్త చెప్పు కరిచినట్టు కొత్త బేరింగు అరుస్తుందేమో అనుకున్నాం. మేస్త్రి చూశాడుగా, మనకేం తెలుస్తుందని అక్క కూడా అంది."

"కుడికి తిరిగే మలుపులో పెరుగుతోందా, ఎడమకి తిరిగే మలుపులోనా? చూసి చెప్పు."

"ఉండు... ఇదిగో, ఇప్పుడు కుడికే తిప్పుతోంది... ఆఁ, పెరిగింది. నా అరికాళ్ళ కింద పిల్లి గురక పెడుతున్నట్టుంది. ఏం, అలా ఉంది నీ గొంతు?"

బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. ఈ చిన్న పరీక్ష మొదటిరోజే చేయాల్సింది. చెవి ఉండగా పరీక్షలెందుకని చేయలేదు.

"ఆపమను. బండి పక్కకి తీసి..."

ఫోనులో గాలి చప్పుడొకటి వచ్చి, ఆ తర్వాత అదీ పోయింది. మళ్ళీ చేశాడు. అందుబాటులో లేరంది. మళ్ళీ చేశాడు. 'ఆపమను' అన్న మాట ఆమెకు అందిందా, అందలేదా? కొండమీద ఫోన్లు పనిచేయవని ఊళ్ళో చంటిపిల్లవాడికి కూడా తెలుసు.

టర్నరు తన లేతు మీద ఏదో ఇరుసు తిప్పుతున్నాడు. మేస్త్రి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. వీళ్ళిద్దరూ ఏ చుట్టరికమూ లేకుండానే ముప్పై ఏళ్ళుగా ఒకరికొకరు బావ.

"బావా, నీ వ్యాను కావాలి. నువ్వూ కావాలి."

"ఎక్కడికి?"

"కొండకి. మంచి బేరింగు తీసి పారేశాను. చెడ్డది బండికే ఉంది. మీ చెల్లెలు అందులో ఉంది."

టర్నరు సగం తిరిగిన ఇరుసును అలాగే లేతుకు వదిలేసి మిషను కట్టేశాడు. మేస్త్రి జాకీ, పానాలు, సుత్తి, గ్రీజు డబ్బా వ్యానులో వేశాడు. ఆ పాత బండికి సరిపోయే బేరింగులు ఊళ్ళో ఇంకో జత దొరకవు. ఆ ఒక్క జత తెప్పించడానికే మూడు రోజులు పట్టింది. కడిగి పెట్టిన ఆ రెండు పాత బేరింగులనూ, వాటి కప్పులనూ పాత బనీనులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎందుకు తీశానురా అని ఇందాక ఏడిపించినవే ఇప్పుడు దిక్కయ్యాయి.

ఊరు దాటాక టర్నరు అడిగాడు. "నీ చెవి పొరపాటు పడటమేంటి బావా? చెట్టెక్కిన పాము జారిపడిందన్నట్టుంది."

"ఎడమచెవి పోయింది. ఏడాది దాటింది."

"ఈ ముక్క చెప్పడానికి ఏడాది పట్టిందా? నాకెప్పుడో తెలుసు."

"ఎలా?"

"నీ ఎడమ పక్కన నిలబడి ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు. మామూలు తిట్లు కాదు. నువ్వేమో నవ్వుతూ తల ఊపేవాడివి. మొదట్లో నీకు పెద్దరికం వచ్చిందనుకున్నాను."

ఇంకో రోజయితే మేస్త్రి వాడి నెత్తిన ఒకటి మొట్టేవాడు. ఇప్పుడు రోడ్డు వైపే చూస్తూ, "ఇంకొంచెం తొక్కు" అన్నాడు.

"తొక్కుతూనే ఉన్నా. మన చక్రాలూ ఊడాలా?" అని, గేరు మార్చి, "ఒక మాట చెబుతా విను. నీ కుడిచెవి ఇటేగా ఉంది? పైకెళ్ళాక గబుక్కున నిజం కక్కేయకు. 'కుడిది బాగుచేశాను, పాత బండి కదా, ఇప్పుడు ఎడమది కూడా పోయింది' అను. ఎవరైనా నమ్ముతారు. నీ పేరు నీకుంటుంది" అన్నాడు.

అది మంచి అబద్ధం. కొలిచి చేసిన కప్పులా ఎక్కడా సందు లేకుండా కూర్చుంటుంది. సిస్టరమ్మ పాపం తప్పకుండా నమ్ముతుంది. భార్య తన ముఖంలోకి చూస్తుంది కానీ పైకేమీ అనదు. ఒళ్ళో బనీను మూట మీద చెయ్యి వేసుకుని, ఆ అబద్ధాన్ని నాలుగుసార్లు మనసులో చెప్పి చూసుకున్నాడు. నాలుగోసారికి అది నిజంలాగే అనిపించింది. అతనికి భయమేసింది.

కొండ మొదలైంది. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల గాలి. ప్రతి మలుపులోనూ మేస్త్రి ముందు రోడ్డు చూసేవాడు, తర్వాత పిట్టగోడ ఎక్కడైనా కొత్తగా విరిగిందేమో చూసేవాడు. ఐదో మలుపు దగ్గర రోడ్డు మీద నల్లటి టైరు గీతలు కనిపించాయి. "పాతవి" అన్నాడు టర్నరు అడక్కుండానే. ఆరో మలుపు దగ్గర గడ్డిలో ఒక చక్రం మూత మెరిసింది. వ్యాను ఆపించి, దిగి, పరిగెత్తి వెళ్ళి చూశాడు. ప్లాస్టిక్కుది. ముసలిదానికి ఉన్నవి ఇనుప మూతలు. అది పట్టుకుని అలాగే నిలబడిపోతే టర్నరు హారన్ కొట్టాడు. మేస్త్రి కంగారుగా కొండగోడ వైపు చూశాడు, అటునుంచి ఏదో వస్తోందనుకుని.

ఏడో మలుపు దగ్గర నలుగురైదుగురు మనుషులు పిట్టగోడ మీంచి కిందికి వంగి చూస్తున్నారు.

వ్యాను ఆగకముందే మేస్త్రి దూకాడు. "ఏమైంది? ఏ రంగు బండి?" అని అరిచాడు.

వాళ్ళలో ఒకడు తిరిగి, "బండేంటి పెద్దాయనా? మా లారీ స్టెప్నీ జారి లోయలో పడింది. తీసుకురావడానికి ఎవరు దిగాలా అని వాదించుకుంటున్నాం" అన్నాడు.

మేస్త్రి పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. టర్నరు వచ్చి భుజం కింద చెయ్యి వేసి లేపాడు.

ఎనిమిదో మలుపు దాటగానే రోడ్డు కాస్త వెడల్పయిన చోట బూడిద రంగు కారు నిలబడి ఉంది. నాలుగు చక్రాల మీదే. బండి వెనక చక్రాల కింద రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళూ రోడ్డు పక్కన బండ మీద కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

మేస్త్రి దిగి రెండడుగులు వేసి ఆగిపోయాడు. భార్యను తల నుంచి పాదాల దాకా చూశాడు. ఆమె బిస్కెట్ ప్యాకెట్ టర్నరుకు అందించింది.

"ఆపమన్నది వినపడిందా?"

"ఎక్కడ? 'ఆ' అన్నావు, అంతే. మిగతాది నీ గొంతులో తెలిసింది. పెళ్ళయినప్పట్నుంచి నువ్వలా మాట్లాడటం రెండోసారి. మొదటిసారి మీ నాన్న పోయినప్పుడు. అక్కా, ఉన్నపళంగా ఆపెయ్యి అన్నాను. ఆపడానికి ఇంత చోటు దొరికేసరికి ఇక్కడిదాకా వచ్చాం."

సిస్టరమ్మ లేచి, వేళ్ళ వెనక భాగాన్ని ఎడమ ముందు చక్రం మధ్య మూతకు తాకకుండా, దగ్గరగా పెట్టి చూపించింది. "ఆపగానే మేమూ ఇలా చూశాం. అప్పుడు కుడిది చల్లగా ఉంది. దీనికి జ్వరం. నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమంది."

టర్నరు మేస్త్రి కుడి పక్కకి వచ్చి నిలబడి మెల్లగా దగ్గాడు. అబద్ధం నోటి దాకా వచ్చింది. దానికి దారి కూడా బాగానే ఉంది. కానీ వీళ్ళిద్దరికీ కలిపి నాలుగు చెవులు. నాలుగూ పొద్దుట్నుంచీ నిజమే చెప్పాయి. ఆ నాలుగింటినీ కాదని, తన ఒక్కదాన్ని నమ్మి, ఈ కొండ ఎక్కారు. ఇప్పుడు కూడా అదే నమ్మకంతో మళ్ళీ బండెక్కుతారు.

"సిస్టరమ్మా, మీరు మొదటిరోజే చెప్పారు. ఎడమ పక్కన అని. నేను మంచి చక్రం విప్పి మంచి బేరింగు తీశాను. చెడ్డది వదిలేశాను. నా ఎడమచెవి పనిచేయదు. ఏడాది పైనే అయింది. చప్పుడు ఎటునుంచి వస్తోందో నాకు తెలియదు."

సిస్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆపరేషను గదిలో రోగి మెలకువగా ఉండగానే అడుగుతాం, ఏ కాలు అని. వాడు చెప్పాక ఆ కాలి మీద గుర్తు పెడతాం. ఎంత పెద్ద డాక్టరైనా సరే, ఆ గుర్తు చూడనిదే కత్తి పట్టకూడదు. నువ్వు అడగలేదు. నేను చెప్పినా వినలేదు."

"లేదమ్మా."

"నాదీ తప్పుంది. పెద్ద పెద్ద డాక్టర్లతో పోట్లాడినదాన్ని, నీ దగ్గర నోరు మూసుకున్నాను. నవ్వాను కూడా." ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. "చెవికి ఎవరికైనా చూపించావా?"

"లేదు."

"సోమవారం నాతో వస్తున్నావు. ముందు ఇది చూడు."

చక్రం ఇప్పటికి చల్లబడింది. మూత తీయగానే మాడిన గ్రీజు వాసన గుప్పున కొట్టింది. హబ్బు లాగితే బయటి బేరింగు ముక్కలుగా చేతిలోకి వచ్చింది. రోలర్లు నీలం తిరిగి, వాటిని విడివిడిగా పట్టి ఉంచే రేకు చిరిగిపోయి ఉంది. టర్నరు దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. ఇంకెన్ని మలుపులు ఆగేదో లెక్క కట్టడానికి మేస్త్రికి ధైర్యం చాలలేదు. ఇరుసు మిగిలిందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. అది కూడా అరిగిపోయి ఉంటే కొండమీద చేయగలిగింది లేదు. గుడ్డతో తుడిచి, గోరు ఆనించి, చుట్టూ మూడుసార్లు తిప్పాడు. గోటికి ఒక్కచోట గరుకు తగిలింది. ఉప్పుకాగితంతో రుద్దాడు, మళ్ళీ తడిమాడు. నున్నగా ఉంది. తన గోటిని నమ్మక టర్నరును కూడా తడిమి చూడమన్నాడు. "బాగుంది బావా" అన్నాడు వాడు. ఇంకోసారి చూడమన్నాడు.

భార్య వచ్చి అతని కుడి పక్కన గొంతుక్కూర్చుని, గ్రీజు డబ్బా పట్టుకుంది.

"చెవి సంగతి నాకు తెలుసు. నువ్వు పడుకుంటే నేనే ఈ పక్కకి మారాను. అటుంటే నా మాటలన్నీ గోడకి చెప్పుకుంటున్నట్టుండేది."

"తెలిసీ ఈ బండెక్కావా?"

"ఇంట్లో మాట వినపడదనుకున్నాను కానీ చక్రం వినపడదని ఎందుకనుకుంటాను? అది వేరే చెవనుకున్నాను." ఆమె గ్రీజు డబ్బా అతని వైపు జరిపింది. "చెప్పుంటే ఏం పోయేదయ్యా?"

మేస్త్రి కడిగి తెచ్చిన మంచి బేరింగుల్లో గ్రీజు కూరాడు. పాత కప్పులు దింపి మంచివి తట్టి కూర్చోబెట్టాడు, హబ్బు ఎక్కించాడు, చక్రాన్ని తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ కొంచెం వదిలి, పిన్ను వేశాడు. ఎప్పుడూ అయితే ఈ బిగువును చెవితో చూసేవాడు. ఇప్పుడు చక్రం పైఅంచూ కిందిఅంచూ పట్టి ఊపి, చేతులతో చూశాడు. తర్వాత టర్నరు చేత ఊపించాడు. అది అయ్యాక కుడి చక్రానికి పోయాడు. కొత్త స్టడ్డులు కొంతదూరం నడిచాక సర్దుకుని నట్లు వదులవుతాయి. ఐదింటికీ పానా వేస్తే మూడు కదల్లేదు, రెండు పావు తిరుగుడు తిరిగాయి. ఆ పావు తిరుగుడుకు అతని వీపు మీద చెమట పట్టింది.

"ఇక పోదామా?" అంది సిస్టరమ్మ.

"ముందు ఇక్కడిక్కడే నాలుగు మలుపులు తిప్పుదాం. నేను వెనక కూర్చుంటాను. వినాల్సింది మీరు."

కారు కదిలింది. మేస్త్రి రెండు ముందు సీట్ల మధ్యకు తల దూర్చి, చక్రాలను వదిలేసి వాళ్ళిద్దరి ముఖాల్లోకి మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. మొదటి మలుపు ఎడమకి. ఏమీ లేదన్నారిద్దరూ. రెండోది కుడికి. బండి ఒరిగింది, బరువు ఎడమ చక్రం మీద పడింది.

"ఉందా?"

సిస్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు."

"నువ్వు చెప్పు. నీ కాళ్ళ కింద?"

భార్య చెప్పు విడిచి, అరికాలు బండి నేలకు ఆనించి, కళ్ళు మూసుకుంది. మలుపు పూర్తయ్యేదాకా తెరవలేదు.

"లేదు."

"నా మనసు నొచ్చుకుంటుందని అంటున్నావా? నిజం చెప్పు."

ఆమె కళ్ళు తెరిచి వెనక్కి తిరిగింది.

"నీ మనసు కోసం అబద్ధం చెప్పి, ఈ కొండ మీద ఈ సీట్లో నేను కూర్చుంటానా?"

మేస్త్రి వెనక సీటుకు చేరగిలబడ్డాడు. తర్వాతి కుడి మలుపు రాగానే మళ్ళీ ముందుకు వంగి అడిగాడు.

"ఇప్పుడు?"